కార్డు కాపీ చేస్తే ఇమేజ్ అయిపోదు

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్కారం. ఈసీఈ చదివి మూడేళ్ళుగా చర్లపల్లిలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో టెంపరేచర్ చూసి సర్వర్‌కు పంపే యూనిట్లు తయారుచేస్తాం. లోపల బీగల్‌బోన్ బ్లాక్ అనే చిన్న కంప్యూటర్ బోర్డు, ఎస్‌డీ కార్డులో డెబియన్ లినక్స్, దాని మీద నేను రాసిన పైథాన్ ప్రోగ్రామ్. ఒక కార్డు పూర్తిగా సిద్ధం చేసి, దాన్నే డీడీ కమాండ్‌తో మిగతా కార్డులకు కాపీ చేస్తాను. ఖమ్మం, వరంగల్ వైపు 40 యూనిట్లు పెట్టాం. రెండు నెలల్లో ఏడు కార్డులు పోయాయి. ఇప్పుడు 300 యూనిట్ల ఆర్డర్ వచ్చింది. మా సార్ "మన సొంత ఓఎస్ ఇమేజ్ చేద్దాం, యోక్టో నేర్చుకో" అన్నారు. యోక్టో అంటే బోర్డుకు సరిపడా లినక్స్‌ను సోర్స్ నుంచి మనమే కట్టుకునే పనిముట్టు. వీడియో చూసి నా 8 జీబీ ల్యాప్‌టాప్‌లో అందులోని కోర్ ఇమేజ్ శాటో అనే ఇమేజ్ బిల్డ్ పెట్టాను. మూడు రాత్రులు, మూడుసార్లూ మధ్యలో ఆగిపోయింది. సీసీ1ప్లస్ ప్రోగ్రామ్ కిల్డ్ అని వచ్చింది. ప్రతిసారీ అంతా డిలీట్ చేసి మళ్ళీ మొదలుపెట్టాను. యోక్టోనా, అలాంటిదే అయిన బిల్డ్‌రూటా? అమీర్‌పేటలో కోర్సులో చేరమంటారా? క్లౌడ్ వైపు వెళ్ళిన నా ఫ్రెండ్స్ బాగా సంపాదిస్తున్నారు, నేను తప్పు దారిలో ఉన్నానేమో అని టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్

సమాధానం: ముందు ఆ మూడు రాత్రుల సంగతి తేల్చేద్దాం. మీ ఉత్తరంలో బాధంతా అక్కడే కనిపిస్తోంది. సీసీ1ప్లస్ (సీ ప్లస్‌ప్లస్ కంపైలర్) కిల్డ్ అని వచ్చిందంటే మీరు ఏదో తప్పు చేశారని కాదు, ల్యాప్‌టాప్‌లో మెమరీ అయిపోయింది. యోక్టోలో పనంతా నడిపించేది బిట్‌బేక్. మీ ప్రాసెసర్‌లో ఎన్ని థ్రెడ్లుంటే అన్ని పనులు అది ఒకేసారి మొదలుపెడుతుంది. ఒక్కో పనిలో మేక్ అనే బిల్డ్ ప్రోగ్రామ్ మళ్ళీ అన్నేసి కంపైలర్లను లేపుతుంది. 8 థ్రెడ్ల యంత్రంలో 8 పనులు, ఒక్కోదానిలో 8 కంపైలర్లు. పెద్ద సీ ప్లస్‌ప్లస్ ఫైళ్ళు కొన్ని ఒక్కొక్కటే ఒక జీబీ దాకా తినేస్తాయి. 8 జీబీ ఎక్కడ సరిపోతుంది? ఇక దారి లేక లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ ఎక్కువ తింటున్న ప్రోగ్రామ్‌ను చంపేస్తుంది. పొద్దున లేచి, కెర్నల్ సందేశాలు చూపించే డీమెసేజ్ కమాండ్ కొట్టి చూసి ఉంటే ఆ మాట అందులోనే కనపడేది.

యోక్టో సెట్టింగులుండే లోకల్ కాన్ఫ్ ఫైల్లో రెండు వరుసలు మార్చండి: బిట్‌బేక్ థ్రెడ్ల సంఖ్య 2, ప్యారలల్ మేక్ 2. నిదానంగా నడుస్తుంది కానీ చివరిదాకా వెళ్తుంది. ఇంకో ముఖ్యమైన మాట, ఆగిపోయినప్పుడు ఏమీ డిలీట్ చేయకండి. అదే కమాండ్ మళ్ళీ కొడితే, అయిపోయిన పనులను వదిలేసి ఆగిన చోటు నుంచే అందుకుంటుంది. డౌన్‌లోడ్ల ఫోల్డర్‌ను, కట్టిన ఫలితాలు దాచే ఎస్‌స్టేట్ క్యాష్ ఫోల్డర్‌ను బిల్డ్ డైరెక్టరీ బయట పెట్టుకుంటే, బిల్డ్ డైరెక్టరీ పోయినా చేసిన పని పోదు. మీరు మూడు రాత్రుల పనిని మూడుసార్లు చెరిపేశారు. ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. పైగా శాటో అనేది తెర, బొమ్మలు, మౌస్ ఉన్న పరికరానికి చేసే ఇమేజ్. మీ యూనిట్‌కు తెరే లేదు. మీరు మొదలుపెట్టాల్సింది కోర్ ఇమేజ్ మినిమల్‌తో.

ఇక అసలు విషయం. మీ సార్ "సొంత ఇమేజ్" అన్నది సరైన మాట. అయితే ఇమేజ్ అంటే చేతిలో ఉన్న కార్డు అనుకుంటున్నారు మీరు. ఇప్పుడు మీరు చేస్తున్నది పాలకు తోడు పెట్టడం లాంటిది. నిన్నటి పెరుగులోంచి చెంచాడు తీసి ఈరోజు పాలల్లో వేస్తాం. నిన్నటిది పులిసి ఉంటే ఈరోజుదీ పులుస్తుంది, ఆ పులుపు ఏ రోజు మొదలైందో చెప్పడం ఎవరి వల్లా కాదు. మీ కార్డు మీద ఏ రోజు ఏ ప్యాకేజీ వేశారో, ఏ ఫైల్లో ఏ వరుస మార్చారో మీకే పూర్తిగా గుర్తుండదు. ఇమేజ్ అంటే ఖాళీ కంప్యూటర్ ముందు కూర్చుని, రాసి పెట్టుకున్న ఫైళ్ళను చూసి, అదే ఫలితాన్ని మళ్ళీ తయారుచేయగలగడం. మీరు సెలవులో ఉన్నా పక్కవాళ్ళు చేయగలగడం. యోక్టో అయినా బిల్డ్‌రూట్ అయినా అమ్మేది ఇదొక్కటే.

ఇది నాకు కష్టంగానే తెలిసొచ్చింది. నేను ఇంతకుముందు పనిచేసిన చోట, నీటి మీటర్ల లెక్కలు పంపే యూనిట్లు బయట కొన్ని వందలుండేవి. 2021 సెప్టెంబరు 30న, మన టైమ్ ప్రకారం రాత్రి ఏడున్నరకు, అవన్నీ ఒక్కసారిగా సర్వర్‌తో మాట్లాడటం మానేశాయి. సర్వర్లకు భద్రతా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లకు అప్పటిదాకా ఆసరాగా ఉన్న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే పాత రూట్ సర్టిఫికెట్ గడువు ఆ నిమిషంతో తీరిపోయింది. కొత్త సాఫ్ట్‌వేర్ ఉన్నవాటికి ఏమీ కాలేదు. మా యూనిట్లలో ఉన్నది, ఆ సర్టిఫికెట్లను పరీక్షించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ పాత వెర్షన్. దానికి గడువు తీరిన గొలుసును పక్కనపెట్టి దానంతటది రెండో దారి వెతకడం రాదు. చేయాల్సిన పని చిన్నదే: పాత సర్టిఫికెట్ తీసేయాలి, లైబ్రరీ మార్చాలి. కానీ ఆ కార్డు తయారుచేసిన ఇంజనీరు ఉద్యోగం మానేసి రెండేళ్ళయింది. డ్రాయర్‌లో ఒక ఎస్‌డీ కార్డు ఉంది, దాని మీద మార్కర్‌తో "ఫైనల్ 2" అని రాసి ఉంది. అందులోని కెర్నల్‌కు ఆయన మోడెమ్ కోసం చేత్తో ఒక ప్యాచ్ (కోడ్ మార్పు) వేశారు, ఆ ప్యాచ్ ఎక్కడా దొరకలేదు. ఆ డెబియన్ విడుదల పాతబడి ఆర్కైవ్‌కు వెళ్ళిపోయింది కాబట్టి ప్యాకేజీలు తెచ్చే ఆప్ట్ కమాండ్ కూడా పనిచేయలేదు. గంటలో అయిపోవాల్సిన పనికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ కస్టమర్ల ఫోన్లు ఎత్తింది నేనే. ఆ కార్డు మీది అక్షరాలు నాకు ఇంకా కళ్ళముందే ఉన్నాయి.

అందుకే చెప్తున్నాను, మీ 300 యూనిట్లకు బిల్డ్‌రూట్ తీసుకోండి.

ఎందుకంటే మీది ఒక్క బోర్డు, ఒక్క ఉత్పత్తి, పనిచేసేది ఒక్క మనిషి. యోక్టో గొప్పదే. 2010లో లినక్స్ ఫౌండేషన్ దాన్ని ప్రకటించినప్పటి నుంచి పెద్ద చిప్ కంపెనీలు చాలావరకు తమ బోర్డు సపోర్టును దాని లేయర్ల (సెట్టింగులు, సూచనల ఫైళ్ళ కట్టల) రూపంలో ఇస్తూ వస్తున్నాయి. ఐదు రకాల బోర్డులు, పది రకాల ఉత్పత్తులు, ఇరవై మంది ఇంజనీర్లు ఉన్న చోట అది లేకపోతే పని సాగదు. కానీ దాని లేయర్లు, రెసిపీలు, అపెండ్ ఫైళ్ళు, ఏ విలువను ఎవరు ఎక్కడ మార్చారో వెతకడం, ఇవన్నీ అలవాటు కావడానికి నెలలు పడుతుంది. ఆర్డర్ తలమీద ఉన్నప్పుడు ఆ నెలలు మీ దగ్గర లేవు. బిల్డ్‌రూట్ ఒక పెద్ద మేక్‌ఫైల్ (మేక్‌కు ఇచ్చే సూచనల ఫైలు) అనుకోండి. కెర్నల్ కాన్ఫిగరేషన్‌లో చూసే మెనూనే ఇక్కడా ఉంటుంది. బీగల్‌బోన్‌కు తయారుగా ఉన్న డెఫ్‌కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు) తీసుకుని మేక్ అంటే, చివరకు అవుట్‌పుట్ ఫోల్డర్‌లో కార్డుకు రాయడానికి ఒకే ఒక్క ఇమేజ్ ఫైలు ఉంటుంది. మీ 8 జీబీ ల్యాప్‌టాప్ కూడా దాన్ని లాగగలదు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. ముఖ్యమైన ఆప్షన్ మారిస్తే బిల్డ్‌రూట్ ఏది మళ్ళీ కట్టాలో తనంతట తాను పసిగట్టదు, క్లీన్ చేసి మొత్తం మళ్ళీ కట్టాల్సి వస్తుంది. మీ ఇమేజ్ చిన్నది కాబట్టి ఇది భరించవచ్చు.

ఏటా ఫిబ్రవరిలో వచ్చే బిల్డ్‌రూట్ విడుదలకు లాంగ్ టర్మ్ సపోర్ట్ ఉంటుంది, దాన్నే పట్టుకోండి. మీ సొంత ఫైళ్ళను బిల్డ్‌రూట్ ఫోల్డర్ లోపల కలపకండి. ఎక్స్‌టర్నల్ ట్రీ అని వేరే ఫోల్డర్ పెట్టుకునే వీలుంది, మీ డెఫ్‌కాన్ఫిగ్, కెర్నల్ ప్యాచ్‌లు, మీ పైథాన్ ప్రోగ్రామ్ ప్యాకేజీ అన్నీ అందులో ఉండాలి, ఆ ఫోల్డర్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఉండాలి. పైథాన్ మాడ్యూళ్ళ కోసం బోర్డు మీద పిప్ ఇన్‌స్టాల్ కొట్టే అలవాటు ఈరోజుతో మానేయండి. సీరియల్, ఎంక్యూటీటీ లాంటి పైథాన్ మాడ్యూళ్ళు బిల్డ్‌రూట్ మెనూలోనే ఉన్నాయి, అక్కడ టిక్ పెట్టండి. మెనూలో మార్పు చేసిన ప్రతిసారీ సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్ కొట్టి గిట్‌లో కమిట్ చేయాలి. ఒక వరుస మార్చి, దాన్ని ఎందుకు మార్చారో తెలుగులో అయినా సరే ఒక్క వాక్యం రాయండి. ఆరు నెలల తర్వాత మీకు మీరే చెప్పుకునే మాట అది.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి ఒక యూఎస్‌బీ నుంచి టీటీఎల్ సీరియల్‌కు మార్చే కేబుల్ కొనుక్కోండి. కొన్ని వందల్లో దొరుకుతుంది. 3.3 వోల్టులదేనా అని మల్టీమీటర్‌తో చూసుకున్నాకే బోర్డుకు పెట్టండి, ఆ పిన్నులు 3.3 వోల్టుల కోసం చేసినవి. బీగల్‌బోన్ మీద జే1 అనే ఆరు పిన్నుల వరుస ఉంటుంది. ఒకటో పిన్ను గ్రౌండ్, నాలుగు బోర్డు వినేది, ఐదు బోర్డు మాట్లాడేది. వేగం 115200. ఈ కేబుల్ లేకుండా ఇమేజ్ పని చేయడమంటే కళ్ళకు గంతలు కట్టుకుని నడవడమే. హెచ్‌డీఎంఐ తెరలో బొమ్మ వచ్చిందా రాలేదా అని ఎదురుచూసే పని మీకు వద్దు.

కేబుల్ పెట్టాక బోర్డు మీతో మాట్లాడుతుంది. ఆ మాటలు అర్థం చేసుకోవడమే ఈ వృత్తిలో సగం పని. తెర మీద సీ అక్షరం ఆగి ఆగి సీసీసీసీ అని పడుతూ ఉంటే, చిప్ లోపలి రోమ్‌కు కార్డులో గానీ ఈఎంఎంసీలో (బోర్డు మీదే అతికించిన స్టోరేజీలో) గానీ బూట్‌లోడర్ (కెర్నల్‌ను లేపే ప్రోగ్రామ్) దొరకలేదు, సీరియల్ మీదైనా ఎవరన్నా పంపుతారా అని అడుగుతోంది. ఎంఎల్ఓ అనే మొదటి ఫైలు సరిగా రాశారో లేదో చూడండి. యూబూట్ అనే బూట్‌లోడర్ వచ్చి, స్టార్టింగ్ కెర్నల్ అనే వరుస పడి, ఆ తర్వాత ఏమీ లేకుండా నిలిచిపోతే భయపడకండి. చాలాసార్లు కెర్నల్ లోపల చక్కగా నడుస్తూనే ఉంటుంది, కన్సోల్ పేరు తప్పుగా ఇచ్చాం కాబట్టి దాని మాట మనకు వినపడదు. అది కాకపోతే, బోర్డులో ఏ భాగాలున్నాయో కెర్నల్‌కు చెప్పే డివైస్ ట్రీ ఫైలు వేరే బోర్డుది అయి ఉంటుంది. రూట్ ఫైల్‌సిస్టమ్ (ఓఎస్ ఫైళ్ళుండే చోటు) మౌంట్ చేయలేకపోయానంటూ కెర్నల్ ప్యానిక్ వస్తే, రూట్ అని ఇచ్చిన పార్టిషన్ నంబర్ చూడండి, రూట్‌వెయిట్ అనే మాట చేర్చారో లేదో చూడండి. కార్డు మేలుకోవడానికి కొంచెం టైమ్ పడుతుంది, అంతవరకూ కెర్నల్ ఆగాలి.

బీగల్‌బోన్‌లో కొత్తవాళ్ళను రోజుల తరబడి తిప్పే విషయం ఒకటుంది. పవర్ ఇచ్చేటప్పుడు ఎస్2 బటన్ నొక్కి పట్టుకోకపోతే బోర్డు ముందు ఈఎంఎంసీలో వెతుకుతుంది. అక్కడ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాత యూబూట్ ఉంటుంది. మీరు కార్డులో కొత్త ఇమేజ్ పెట్టి "ఎందుకు రావట్లేదు" అని చూస్తుంటారు, నడుస్తున్నది మాత్రం పాత బూట్‌లోడర్. రీసెట్ బటన్ నొక్కితే చాలదు, పవర్ పూర్తిగా తీసి, ఎస్2 పట్టుకుని, మళ్ళీ ఇవ్వాలి.

ఇక మీ ఏడు కార్డులు. కోల్డ్ స్టోరేజీ అన్నారు కాబట్టి సంగతి ఊహించగలను. కరెంటు పోతుంది, జనరేటర్ అందుకునేలోపు కొన్ని సెకన్లు ఖాళీ. కరెంటు తిరిగొస్తే మళ్ళీ మార్చేటప్పుడు ఇంకోసారి. డెబియన్ ఆ సమయంలో లాగ్ రాస్తూ ఉంటుంది, మీ ప్రోగ్రామ్ రీడింగులు రాస్తూ ఉంటుంది. ఎస్‌డీ కార్డు లోపల ఒక చిన్న కంట్రోలర్ ఉంటుంది. మనం ఒక చిన్న ఫైలు రాసినా అది లోపల పెద్ద బ్లాకును ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుస్తుంది. సరిగ్గా అప్పుడు పవర్ పోతే, మనం ముట్టుకోని ఫైళ్ళు కూడా పోతాయి. అందుకే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో జర్నల్ (రాతల చిట్టా) ఉంది కదా అని ధీమాగా ఉండటానికి లేదు.

కాబట్టి మీ కొత్త ఇమేజ్ ఎస్‌డీ కార్డులో ఉండకూడదు. బోర్డు రివిజన్ సీ అయితే దాని మీదే 4 జీబీ ఈఎంఎంసీ ఉంది, మీ బిల్డ్‌రూట్ ఇమేజ్ పైథాన్‌తో కలిపి కూడా అందులో ఒక మూలకు సరిపోతుంది. రూట్ ఫైల్‌సిస్టమ్‌ను స్క్వాష్‌ఎఫ్‌ఎస్‌గా, అంటే కుదించి, చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా రీడ్ ఓన్లీగా పెట్టండి. లాగ్‌లు టెంప్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే ర్యామ్‌లోనే ఉండాలి. రీడింగులకు మాత్రం వేరే డేటా పార్టిషన్, అందులోనూ ప్రతి సెకనుకు రాయకుండా కొన్ని నిమిషాలకొకసారి కలిపి రాయండి. మిర్చి బస్తాల గదిలో చలి సెకను సెకనుకూ మారదు. మీ హార్డ్‌వేర్ వాళ్ళతో మాట్లాడి, పవర్ పోయాక ఒకటి రెండు సెకన్లు నిలబెట్టే కెపాసిటర్ బోర్డు మీద వేయించగలిగితే ఇంకా మంచిది. సాఫ్ట్‌వేర్‌తో ఎంత చేసినా ఆ రెండు సెకన్లకు సాటి రాదు.

డెబియన్ మీకు తెలియకుండా చేసిపెడుతున్న పనులు కొన్ని ఉన్నాయి, వాటిని ఇప్పుడు మీరే చేసుకోవాలి. మొదటిది టైమ్. బీగల్‌బోన్‌లో గడియారానికి బ్యాటరీ లేదు. మీ కొత్త ఇమేజ్ లేచినప్పుడు డేట్ కమాండ్ కొడితే 1970 అని చూపించే అవకాశం ఉంది. అప్పుడు సర్వర్‌కు కనెక్ట్ అవ్వబోతే సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదని, కనెక్షన్ భద్రత చూసే టీఎల్‌ఎస్ తిరస్కరిస్తుంది. మీరేమో నెట్‌వర్క్ పోయిందనుకుంటారు. నెట్ నుంచి టైమ్ తెచ్చే ఎన్‌టీపీ పెట్టండి, అది అయ్యాకే మీ ప్రోగ్రామ్ మొదలయ్యేలా చూడండి. సిగ్నల్ సరిగా లేని ఊళ్ళకు డీఎస్3231 గడియారం మాడ్యూల్ ఒకటి ఐ2సీ తీగల మీద తగిలించండి, రీడింగుల పక్కన తప్పు టైమ్ పడితే ఆ డేటా ఎవరికీ పనికిరాదు.

రెండోది యూనిట్ గుర్తింపు. ఒకే కార్డును కాపీ చేసినందువల్ల మీ 40 యూనిట్లలోనూ దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు యూనిట్‌ను గుర్తుపట్టే ఒకే ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీ, ఒకే మెషీన్ ఐడీ ఉన్నాయి. ఒక యూనిట్ ఎవరి చేతికైనా చిక్కితే మిగతా 39 యూనిట్లలా నటించగలరు. మెషీన్ ఐడీ ఒకటే అయితే కొన్ని సెటప్‌లలో రూటర్ రెండు యూనిట్లకూ ఒకే ఐపీ అడ్రస్ ఇస్తుంది, అవి ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. కీలు మొదటిసారి లేచినప్పుడు ఆ యూనిట్‌లోనే పుట్టాలి, డేటా పార్టిషన్‌లో ఉండాలి. రీడ్ ఓన్లీ రూట్‌లో వాటికి చోటుండదు కాబట్టి ఆ దారి మీరే చూపించాలి. సీరియల్ నంబర్ కోసం తడుముకోనక్కర్లేదు, బీగల్‌బోన్ మీది ఈఈప్రోమ్ మెమరీ చిప్‌లో ప్రతి బోర్డుకూ ఒకటి రాసి ఉంటుంది, దాన్నే చదువుకోండి. ఇంకొకటి, బిల్డ్‌రూట్‌లో మీరేమీ చెప్పకపోతే రూట్ యూజర్‌కు పాస్‌వర్డ్ ఉండదు. బయటకు వెళ్ళే ఇమేజ్‌లో అలా వదిలేయకండి.

అప్‌డేట్ గురించి మీరు అడగలేదు. కానీ 300 యూనిట్లు బయటికి వెళ్ళాక మీరు ఎక్కువగా ఆలోచించేది దాని గురించే, అందుకే ఇప్పుడే చెప్తున్నాను. ఈఎంఎంసీలో రూట్‌కు రెండు పార్టిషన్లు పెట్టండి. నడుస్తున్నది ఏ అనుకుంటే, కొత్త ఇమేజ్‌ను బీలో రాసి, ఈసారి బీ నుంచి లేవమని యూబూట్‌కు చెప్పాలి. బీ సరిగా లేవకపోతే కొన్ని ప్రయత్నాల తర్వాత యూబూట్ తనంతట తానే ఏకి తిరిగి రావాలి. రాసేటప్పుడు మధ్యలో కరెంటు పోయినా ఏ అలాగే ఉంటుంది. దీన్ని మీరు సొంతంగా రాయకండి. ఆర్ఏయూసీ, ఎస్‌డబ్ల్యూఅప్‌డేట్ అనే రెండు ఓపెన్ సోర్స్ పనిముట్లు బిల్డ్‌రూట్‌లోనే ఉన్నాయి, ఒకటి పట్టుకోండి. నేను ఆర్ఏయూసీ వాడతాను, సంతకం లేని ఇమేజ్‌ను అది దగ్గరికి రానివ్వదు. "బీ బాగుంది" అని ముద్ర వేసేది లాగిన్ తెర వచ్చినప్పుడు కాదు, మీ ప్రోగ్రామ్ సెన్సర్ చదివి, సర్వర్‌కు ఒక రీడింగు పంపి, జవాబు అందుకున్నాక వేయాలి. హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ కూడా ఆన్ చేయండి, లేకపోతే మధ్యలో స్తంభించిన బోర్డు అలాగే కూర్చుంటుంది.

ఇదంతా చేశాక మీ బల్ల మీద ఒక బోర్డు పెట్టి, అప్‌డేట్ నడుస్తుండగా ప్లగ్ పీకండి. మళ్ళీ పెట్టండి, మళ్ళీ పీకండి. యాభైసార్లు చేయండి. సీరియల్ తెర మీద ప్రతిసారీ అది లేవడం మీ కళ్ళతో చూశాకే ఖమ్మం పంపండి.

లైసెన్సుల సంగతి చాలామంది వదిలేస్తారు. కెర్నల్, యూబూట్, బిజీబాక్స్ జీపీఎల్ అనే లైసెన్సు కింద వస్తాయి, పరికరం అమ్మినప్పుడు వాటి సోర్స్ అడిగినవాళ్ళకు ఇవ్వగలగాలి. మేక్ లీగల్ ఇన్ఫో అని కొడితే బిల్డ్‌రూట్ ఆ సోర్సులు, లైసెన్సులు అన్నీ ఒక ఫోల్డర్‌లో పేర్చి ఇస్తుంది. ప్రతి విడుదలతో పాటు ఆ ఫోల్డర్‌ను దాచండి. నాకు అప్పట్లో దొరకని ఆ ప్యాచ్ కూడా ఇలా దాచి ఉంటే దొరికేది.

మీ సార్‌తో ఒక విషయం గట్టిగా మాట్లాడండి. బిల్డ్ చేయడానికి ఆఫీసులో ఒక డెస్క్‌టాప్ కావాలి. 32 జీబీ ర్యామ్, 8 కోర్లకు తగ్గని ప్రాసెసర్, ఒక టీబీ ఎన్‌వీఎంఈ డిస్క్. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఒక్క మధ్యాహ్నంలో కట్టించి తెచ్చుకోవచ్చు. ఏడు కార్డుల కోసం వరంగల్, ఖమ్మం తిరిగిన ఖర్చు, మీ రోజులు లెక్క వేసి కాగితం మీద చూపించండి, ఆయనకే అర్థమవుతుంది. ఇమేజ్ ఒక మనిషి సొంత ల్యాప్‌టాప్‌లో ఉండటం కంపెనీకి కూడా మంచిది కాదు.

కోర్సు విషయానికొస్తే, అమీర్‌పేటలో చెప్పేవాళ్ళలో మంచివాళ్ళున్నారు. డబ్బు కట్టే ముందు ఒక డెమో క్లాసులో కూర్చుని ఒకటే అడగండి: నా చేతికి బోర్డు ఇచ్చి, సీరియల్ కేబుల్ పెట్టించి, చెడిపోయిన బూట్‌ను నాతో బాగుచేయిస్తారా? అవునంటే చేరండి. స్లైడ్లు చూపించి, బోర్డును కంప్యూటర్‌లో అనుకరించే క్వీమూలోనే ముగిస్తామంటే, అంతకంటే మంచి పాఠాలు ఉచితంగానే ఉన్నాయి. ఫ్రాన్స్‌కు చెందిన బూట్‌లిన్ సంస్థ ఎంబెడెడ్ లినక్స్, బిల్డ్‌రూట్, యోక్టో మూడింటి మీదా తన శిక్షణ పాఠాలను, ల్యాబ్‌లను అందరికీ తెరిచి పెట్టింది. రోజుకు ఒక గంట, బోర్డు పక్కన పెట్టుకుని చేయండి.

యోక్టోను వదిలేయమనడం లేదు. మన ఊళ్ళో చిప్ కంపెనీల ఉద్యోగ ప్రకటనల్లో ఆ పేరు తరచూ కనిపిస్తుంది, ఆ అవసరం నిజమే. 300 యూనిట్లు వెళ్ళిపోయాక, కొత్త డెస్క్‌టాప్ మీద, ఇదే బోర్డుకు ఇదే ఇమేజ్‌ను యోక్టోలో మళ్ళీ కట్టండి. 2024 ఏప్రిల్‌లో వచ్చిన స్కార్త్‌గ్యాప్ విడుదల తీసుకోండి, దానికి నాలుగేళ్ళ సపోర్ట్ ఉంది, బీగల్‌బోన్ దాని రిఫరెన్స్ బోర్డుల్లో ఒకటి. బూట్‌లోడర్ ఎక్కడ ఆగుతుందో, డివైస్ ట్రీ ఏం చేస్తుందో అప్పటికి మీకు తెలిసి ఉంటుంది కాబట్టి, మిగిలేది బిట్‌బేక్ భాష ఒక్కటే. అలా వచ్చినవాళ్ళు యోక్టోను తొందరగా పట్టుకోవడం నేను చూశాను. ఫ్రెండ్స్ జీతాల గురించి నేనేమీ చెప్పలేను. కానీ ఇంటర్వ్యూలో "మీ యూనిట్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది" అని అడిగితే బోర్డు మీద చేసి చూపించగలిగే మనిషి కోసం నేను నెలల తరబడి ఎదురుచూసిన సందర్భాలున్నాయి.

ఇప్పటికే బయట ఉన్న ఆ 40 యూనిట్లు మిగిలాయి. వాటిని కదపకుండా దూరం నుంచే కొత్త ఇమేజ్‌లోకి మార్చాలని మీకు అనిపిస్తుంది, ఆ ప్రయత్నం చేయకండి. ఎలాగూ ఏదో ఒక కార్డు పాడై అక్కడికి వెళ్తూనే ఉంటారు. కొత్త ఇమేజ్‌ను ఈఎంఎంసీలో రాసి ఎల్‌ఈడీ వెలిగించే ఫ్లాషర్ కార్డులు నాలుగు సిద్ధం చేసుకోండి. ఎస్2 పట్టుకుని పవర్ ఇవ్వడం, దీపం వెలిగేదాకా ఆగడం, కార్డు తీసేయడం, అంతే పని, మీ టెక్నీషియన్ కూడా చేస్తారు. ముందు జనరేటర్ ఎక్కువ తిరిగే స్టోరేజీలకు వెళ్ళండి. తీసిన పాత కార్డు మీద బోర్డు సీరియల్ నంబర్, తేదీ రాసి ఒక కవర్లో వేసి తెచ్చుకోండి. అందులోని రీడింగులు సర్వర్‌లోకి ఎక్కించుకున్నాకే చెరపండి.